బడి ఈడు పిల్లలు లేని పేట

బడి గేటుకు తాళం వేస్తున్న సర్వే ఆఫీసరు వీపుకు బంతి ఠపీమని తగిలింది. వెనక్కి తిరిగేసరికి ఎదురుగోడ మీద డజను తలలు. బంతి ఇమ్మని మూడు భాషల్లో బతిమాలుతున్నాయి.

"ఎవరి పిల్లలండీ వీళ్ళంతా?"

"ఈ పేటవాళ్ళే," అంది హెడ్మిస్ట్రెస్, బంతి తీసి విసిరేస్తూ. "నిన్నటిదాకా నా బడి పిల్లలు."

"పేటలో బడి ఈడు పిల్లలే లేరు కదా మేడం. అందుకేగా మూసేస్తున్నాం. ఇల్లిల్లూ నేనే తిరిగాను, ఒక్క గడప వదల్లేదు."

"వీళ్ళ అమ్మానాన్నలు చెప్పలేదా?"

"నోటిమాట చెల్లదండీ. కళ్ళారా చూసిన పిల్లల్నే రాయాలని రూలు. పాకేవాళ్ళున్నారు, మీసాలొచ్చినవాళ్ళున్నారు. మధ్యవాళ్ళు మచ్చుకి ఒక్కరైనా కనబడితే ఒట్టు."

"ఏ వేళప్పుడు తిరిగారు?"

"ఆఫీసు వేళల్లోనే. పొద్దున పదింటికి మొదలుపెట్టి, సాయంత్రం..."

గేటు ఊచల్లోంచి, వరండాలో వేలాడుతున్న బడి గంట అతనికేసే చూస్తున్నట్టుంది.

హెడ్మిస్ట్రెస్‌కు కోపం రావాలి గానీ, నవ్వొచ్చింది.

"రేపు మళ్ళీ అదే వేళకి తిరగండి సార్. అప్పుడు నా దగ్గరున్నారు. ఇప్పుడైతే అందరూ ఇళ్ళలోనే దొరుకుతారు."