మంచువాలుకు దిష్టి

కార్తీకం రాగానే లంబసింగి కొండ వాలు మీద యంత్రాలు మంచు పోసేశాయి. చుట్టూ కాఫీ తోటలు పచ్చగానే ఉన్నాయి, మధ్యలో ఒక్క తెల్లటి చార. జనం జారి ఆడుకునే ఆ వాలుని ఈ ఏడు దమయంతి ఇంటివాళ్లు చూసుకుంటున్నారు. తెరిచే రోజున ఆ ఇంటి మనిషి పడకుండా కిందికి జారి చూపించాలి. పడితే, జనంతో వచ్చి గేటు దగ్గర ఆగిన బస్సులన్నీ పక్క కొండకి వెళ్లిపోతాయి.

దమయంతి కాళ్లకు మంచు మీద జారే స్కీ పలకలు బిగించుకుంటుంటే అత్త చిలకమ్మ చేటెడు ఉప్పుతో వచ్చింది. కోడలికీ, మంచు యంత్రానికీ కలిపి దిష్టి తీసింది. పారబోయడానికి మూడు దారుల కూడలి లేదు గనక, కాస్త కిందికి దిగి వాలు మలుపులో చల్లేసి వచ్చింది.

"ఏటత్తా ఈ పని! ఉప్పు పడితే మంచు కరిగిపోదా?"

"కరిగితే కరగనీ. ఇంతమంది నిన్నే చూస్తన్నారు. దిష్టి తగలదేటి?"

దమయంతి పళ్లు బిగించి జారింది. ఎండకి మంచు అప్పటికే మెత్తబడి, స్కీలు ముద్దలో దిగబడుతున్నాయి. మలుపులో పడటం ఖాయమనుకుంది. తీరా చూస్తే ఉప్పు పడ్డ ఆ చోటే, కరిగిన నీరు మళ్లీ గడ్డకట్టి, మంచు రాయిలా బిగిసి ఉంది. స్కీల అంచులకు పట్టు దొరికింది. నిలబడే కిందికి చేరింది.

గేటు తెరుస్తుండగా ఆయాసపడుతూ పైకొచ్చింది.

"అత్తా, ఇంట్లో ఉప్పెంతుంది?"

"అర బస్తా. దేనికే?"

"వాలంతా చల్లాలి."

చిలకమ్మ బస్సుల్లోంచి దిగుతున్న జనాన్ని చూసి కొంగు నడుముకి దోపింది.

"ఇంతమందికి దిష్టి తియ్యాలంటే నా ఒక్కదాని వల్ల అవదు. నువ్వూ ఓ చేట పట్టు."