సువార్తమ్మ వేలి కట్టు

ఆ రోజు నాకు ఒకచోట కాలు నిలవలేదు. పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలో గోళ్ల తనిఖీ. గోరు పుచ్చినవాళ్లను పొట్టు తీసే పనిలోంచి తీసేస్తారు. నా భార్య సువార్తమ్మ బొటనవేలి గోరు నాలుగు నెలల కిందట పచ్చబడి పెచ్చులు లేచింది.

మందు చెప్పింది నేనే. వెల్లుల్లి నూరి కట్టు కట్టమన్నాను. ప్రార్థన కూటంలో పక్కవాళ్లు ముక్కు మూసుకుంటే చూడాలని నా సరదా. అంతటితో ఊరుకోక, నయమయ్యేదాకా ఆ చేయి తడవకూడదని ఒక షరతు కూడా కల్పించాను.

"అయితే గిన్నెలు నువ్వు తోము మావా," అంది. అప్పటినుంచీ తోముతున్నాను.

పొద్దున్న వెళ్లబోతుంటే, "గోరు ఓపాలి సూపించే," అన్నాను.

"ఇప్పితే మందు పాడైపోద్ది," అని వెళ్లిపోయింది.

మధ్యాహ్నం ఫ్యాక్టరీ గేటు ముందు నాలుగుసార్లు తిరిగి, చివరికి మేస్త్రీని పట్టుకున్నాను.

"సువార్తమ్మ గోరా? అది బాగై రెండు నెల్లయింది గదా బావా. కట్టు గేటుకాడే ఇప్పేసి లోపలికొత్తాది," అన్నాడు.

సాయంత్రం ఆమె కట్టుతోనే ఇంటికొచ్చి, అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చుంది.

"ఏటన్నారే?"

"పనిలో ఉంచారు. మందు మాత్రం మానొద్దన్నారు మావా."

పెళ్లయిన పదిహేనేళ్లలో ఆ వేళప్పుడు ఆమె కూర్చోగా నేను చూసింది ఈ నాలుగు నెలలే.

నాలుగు వెల్లుల్లి రెబ్బలు వలిచి ఆమె పక్కన పెట్టి, గిన్నెలు తీసుకుని కుళాయి దగ్గరకు నడిచాను.