చిటికెన వేలు

అమ్మవారి చిటికెన వేలు విరిగింది.

పొద్దున షెడ్డు తలుపు తీసిన రాతికి మెరుగు పెట్టే పనివాడు ముందుగా చూశాడు. నల్లరాతి బాలాత్రిపురసుందరి. చిన్నపిల్ల రూపం. భయపడకు అన్నట్టు పైకెత్తిన కుడిచేతికి నాలుగు వేళ్ళే ఉన్నాయి.

"అన్నా, ఒకసారి ఇలా రా."

శిల్పి వచ్చి చూశాడు. వంగి దగ్గరగా చూడలేదు.

"రాత్రి గోరు సరిచేస్తుంటే ఉలి జారింది" అన్నాడు.

"నీకా? కళ్ళకు గంతలు కట్టినా నీ ఉలి జారదు కదన్నా."

"వయసొచ్చిందిరా."

పనివాడు నేలంతా వెతికాడు. రాతిపొడి చేత్తో కెలికి చూశాడు. విరిగిన ముక్క దొరకలేదు.

"వదిన చెయ్యేమైనా తగిలిందా?" గొంతు తగ్గించి అడిగాడు.

"నా చెయ్యే అన్నాను కదా."

పనివాడి అనుమానానికి కారణం ఉంది. అతను పనిలో చేరి ఆరు నెలలైంది. మొదట్లో శిల్పి భార్య షెడ్డు గడప తొక్కేది కాదు. విగ్రహానికి ముఖం తేలిన దగ్గర్నుంచీ రోజూ టీ తెచ్చి, గ్లాసులు ఖాళీ అయినా కదలకుండా నిలబడేది.

"నీ మొహం చూడ్డానికి ఏనాడూ రాని వదిన, అమ్మవారి మొహం కోసం పరిగెత్తుకొస్తోంది" అని అతను ఆటపట్టించేవాడు.

కిందటి వారం గుడి పెద్ద వచ్చినప్పుడు కూడా ఆమె అక్కడే ఉంది. ఆయన విగ్రహం చుట్టూ తిరిగి, ఎడమ బుగ్గ దగ్గర ఆగాడు.

"ఒక్క బుగ్గకే సొట్ట పెట్టారేం శిల్పిగారూ? శాస్త్రంలో ఉందా?"

"రాయి అలా వచ్చిందండీ."

అప్పుడు ఆమె నోరు విప్పింది. "గుళ్ళో పెట్టాక నేను రావచ్చాండీ?"

"నిక్షేపంగా రండమ్మా. అందరితోపాటు దణ్ణం పెట్టుకుని వెళ్ళండి."

"దగ్గరికి?"

"గర్భగుడిలోకి పూజారి ఒక్కడే వెళ్ళాలి. ప్రతిష్ఠ జరిగాక చెక్కిన ఈయన కూడా ముట్టుకోకూడదు."

ఆమె తలూపి గ్లాసులు తీసుకుని వెళ్ళిపోయింది.

ఈ రోజు విగ్రహానికి కళ్ళు తెరిపించాలి. కనుపాపలు చివర్న చెక్కుతారు. అంతవరకూ అది రాయి. ఆ తర్వాత దేవత.

మధ్యాహ్నం గుడి పెద్ద లారీతో వచ్చాడు. లారీలో గడ్డి పరిచి ఉంది. ఆయన చెప్పులు విడిచి లోపలికి వచ్చి, చేతిని చూసి ఆగిపోయాడు.

"అతికించలేరా?"

"అతికించొచ్చు. అంగం పోయినదాన్ని పూజకు పెట్టకూడదు. మీకు తెలియనిది కాదు."

"మరిప్పుడు నీళ్ళలో కలపాలా?"

"కళ్ళు తెరవలేదు కదండీ. ఇంకా రాయే. ఎక్కడైనా ఉండొచ్చు."

"మా దగ్గరికి రావడం అమ్మకి ఇష్టం లేదు కాబోలు."

"అమ్మని ఏమీ అనకండి. తప్పు నాది. ఇంకో శిల్పిని చూసుకోండి."

"మీ చేతి విగ్రహమని అందరికీ చెప్పుకున్నామండీ" అన్నాడు గుడి పెద్ద. లారీ ఖాళీగా వెళ్ళింది.

పనివాడు చేతులు కడుక్కుని చాలాసేపు తుడుచుకున్నాడు. "ఈ మాట పాకిపోతుందన్నా. ఇక మన గుమ్మం ఎవరు తొక్కుతారు? నా సంగతి నేను చూసుకోవాలి. ఏమీ అనుకోకు."

"అనుకోను. వెళ్ళిరా."

అతను వెళ్ళాక శిల్పి భార్య షెడ్డులోకి వచ్చింది. చేతిలో టీ లేదు. తడిగుడ్డ ఉంది. విగ్రహం ముందు కూర్చుని, బుగ్గ సొట్టలో చేరిన రాతిపొడి తుడిచింది. నుదురు తుడిచింది. గుడ్డ పక్కన పెట్టి, అరచేతిని ఆ బుగ్గకు ఆనించి ఉంచింది.

"నిజంగానే ఉలి జారిందా?" వెనక్కి తిరగకుండా అడిగింది.

శిల్పి చొక్కా జేబులోంచి రాతివేలు తీసి ఆమె ఒళ్ళో పెట్టి, "మన పిల్లని రెండోసారి సాగనంపడం నా వల్ల కాలేదు" అన్నాడు.