ముందు వెళ్లే మనిషి

ఏడో సైకిల్‌కి కూడా యాయత్ వంక పెట్టాడు.

"సీటు మరీ ఎత్తు."

"ఈ మీట నొక్కి కూర్చోరా, అదే దిగుతుంది," అన్నాడు ఎంగ్కుస్. "నొక్కి లేస్తే పైకొస్తుంది. ఆరేళ్లలో లోకం ఎక్కడికో పోయింది. నువ్వే ఆగిపోయావు."

యాయత్ నొక్కి చూశాడు. సీటు మెత్తగా దిగింది. ఇక దానిమీద అనడానికి ఏమీ లేక, చక్రాలు పెద్దవన్నాడు.

లెంబాంగ్ ఊళ్లో కొండ సైకిళ్ల కొట్టు ఎంగ్కుస్‌ది. ఒకప్పుడు ప్రతి ఆదివారం ముగ్గురు కలిసి పైన్ తోపుల్లోంచి కిందికి దిగేవాళ్లు. ఎంగ్కుస్, యాయత్, యాయత్ బావ సుహెర్మాన్. ఆరేళ్ల కిందట ఒక దిగుడులో బావ పడ్డాడు. మళ్లీ లేవలేదు. ఆ తర్వాత యాయత్ సైకిల్ ముట్టలేదు. ఉన్నదాన్ని పాత ఇనప సామాన్లవాడికి తూకానికి ఇచ్చేశాడు. అంత మంచి సైకిల్‌ని అలా ఎవరిస్తారని జనం విస్తుపోయారు. బావంటే ప్రాణం కదా అని వాళ్లే మళ్లీ సర్దుకున్నారు.

ఇప్పుడు బావ కూతురు మెలాతికి పదిహేనేళ్లు. దానికీ కొండే కావాలి. స్నేహితురాలి సైకిల్ మీద ఇంట్లో చెప్పకుండా రెండుసార్లు దిగి వచ్చింది. మోచెయ్యి గీరుకుపోయి దొరికిపోయింది. తల్లి నినింగ్ రెండు రోజులు దానితో మాట్లాడలేదు. మూడో రోజు ఒకటే మాట అంది.

"మీ మామయ్య ముందు వెళ్తే, వెనక నువ్వు వెళ్లు. లేదంటే ఈ జన్మకి లేదు."

ఆదివారం మెలాతి స్నేహితులంతా కొండకి వెళ్తున్నారు. ఇవాళ శుక్రవారం. అక్క, మేనకోడలు చెరో పక్కనా నిలబడి ఉండగా, నలభై ఆరేళ్ల యాయత్ సైకిళ్లకి వంకలు వెతుకుతున్నాడు.

"మామయ్యా, సైకిల్ కొనడానికొచ్చావా, పెళ్లిచూపులకొచ్చావా?" అంది మెలాతి.

"పెళ్లిచూపులైతే ఈపాటికి పిల్ల తరఫువాళ్లు తరిమేసేవాళ్లు," అన్నాడు ఎంగ్కుస్. "మోకాళ్లు నొప్పా? చెప్పు, మోటారుది ఇస్తా. ముసలాళ్లంతా అదే కొంటున్నారు."

నినింగ్ నవ్వింది. యాయత్ నవ్వలేదు. అతని ముందు పెట్టిన గ్లాసెడు అల్లం బంద్రెక్ చల్లారిపోయింది.

ఎంగ్కుస్ లోపలికి వెళ్లి బూడిదరంగు సైకిల్ ఒకటి తోసుకొచ్చాడు.

"చాన్నాళ్లకి ఎక్కేవాడికి ఇదే సరైంది. కుదుపులాగే షాక్ ముందు చక్రానికే ఉంది, వెనక లేదు. పెడలు దగ్గర పళ్లచక్రం ఒక్కటే, గేరు పడిందా లేదా అని చూసుకునే పని లేదు. హ్యాండిల్ వెడల్పు, గుంటల్లో మెలితిరగదు. ఎక్కు."

యాయత్ ఎక్కాడు. కొట్టు ముందు సందులో రెండు చుట్లు తిరిగాడు. కాళ్లు ఏదీ మరిచిపోలేదు. మలుపు దగ్గర ఒళ్లు దానంతట అదే లోపలికి ఒరిగింది. అతని మొహం మీదికి చిన్న నవ్వొచ్చి, అంతలోనే పోయింది. చెప్పులు నేలకి రాసి సైకిల్ ఆపాడు.

"బ్రేకులున్నాయిరా బాబూ దానికి!" అని అరిచాడు ఎంగ్కుస్. "సరే, ఇదే ఖాయం. ఒక్కటి చెప్పు, ముందు బ్రేకు ఏ చేతికి పెట్టను? ఇవి ఎడమ చేతికే వస్తాయి. స్కూటర్ అలవాటుకి చాలామంది కుడికి మార్పించుకుంటున్నారు."

యాయత్ వంగి చక్రంలో గాలి నొక్కి చూశాడు.

"ఏ చేతికైతే ఏంటి?" అంది మెలాతి.

"ఎవరికి అలవాటైనట్టు వాళ్లకి ఉండాలమ్మా. నిటారు దిగుడులో వెనకది అనుకుని ముందుది గట్టిగా పట్టావనుకో, సైకిల్‌తో సహా తలకిందులే."

నినింగ్ మొహం మారింది. "ఆయనకి అయింది అదే కదా. వెనక వస్తున్నవాళ్లు చూశారు. అంత చెయ్యి తిరిగిన మనిషి ముందు బ్రేకు ఎందుకు పట్టాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు."

"మర్నాడు ఆ సైకిల్‌ని నేనే చూశాను అక్కా," అన్నాడు ఎంగ్కుస్ గొంతు తగ్గించి. "బ్రేకులు ఉండాల్సిన చేతులకే ఉన్నాయి. సైకిల్‌లో ఏ లోపం లేదు. అన్నే కంగారుపడి ఉంటాడు."

నినింగ్ తమ్ముడి దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేసింది.

"నీ సైకిల్ మీద పోయాడని ఆరేళ్లుగా నలిగిపోతున్నావు. తన చక్రం పగిలిందని ఆయనే అడిగి తీసుకెళ్లాడు. ఇవ్వడం నీ తప్పా? నీ మీద నమ్మకం లేకపోతే నా పిల్లని నీ వెనక పంపుతానా? ఇక చాలించు తమ్ముడూ."

మెలాతి హ్యాండిల్ పట్టుకుని అతని మొహంలోకి చూస్తోంది.

"చెప్పు మామయ్యా. ఏ చేతికి?"

"ఎడమకే ఉండనీ," అన్నాడు యాయత్.

ఆరేళ్ల కిందట, అందరూ ఆసుపత్రిలో ఉండగా ఒక్కడే ఆ సైకిల్‌ని ఇంటికి తెచ్చి, స్కూటర్ అలవాటుకని బావకి ఇవ్వడానికి ముందురోజే చేతులు మార్చుకుని, బావకి చెప్పడం మరిచిపోయిన బ్రేకుల్ని మళ్లీ పాత చేతులకే బిగించి పెట్టింది యాయతే.