వాగు అవతలి పాట

వాగు అవతల మామిడికొమ్మ మీద కోయిల పాడేది. నీళ్ళ హోరులో ఇవతలికి ఏమీ వినపడేది కాదు. అందుకని జంతువులన్నీ అడ్డంగా పడున్న మద్దిమాను మీదుగా దాటి వెళ్ళి వినేవి. ఒకరోజు నక్క వచ్చి ఆ మాను మీద కూర్చుంది.

"దాటాలంటే దోసెడు ఇప్పపూలు" అంది. మర్నాడు తట్టెడంది. ఆ మర్నాడు మూడు తట్టలంది.

అన్ని పూలు తేగలిగినవి ఎలుగుబంట్లే. అవి ముందు వరసలో కూర్చుని, మిగిలిన పూలు మెక్కి, గుర్రుపెట్టి నిద్రపోయేవి.

ఉడుత రోజంతా ఏరి ఒక తట్ట తెచ్చింది. "నక్క బావా, నిన్నటి ధరకే వదులు."

"పాటంటే అంత ప్రేమున్నదానివి, ఇంకో రెండు తట్టలు తేలేవా?" అంది నక్క.

కుందేలు చెవులు వేలాడేసింది. "ఇంటికి పోదాం పదవే."

"నేను పోను" అంది ఉడుత. "కోయిలని వెక్కిరిస్తే ఊరుకోదు, ఇంకా గట్టిగా పాడుతుంది. అందరం కలిసి కూద్దాం రండి."

కుందేలు, ముంగిస, పందికొక్కు గొంతు కలిపి "కూ" అన్నాయి. ఆ కూత వాగు హోరులో కలిసిపోయింది. గొంతులు బొంగురుపోయినా ఉడుత ఆపనివ్వలేదు. ఏడోసారికి అవతల నుంచి "కూ!" అని బదులొచ్చింది. వెనకే కోయిలే వచ్చి ఇవతలి తుమ్మకొమ్మ మీద వాలింది.

"పూలిచ్చినవాళ్ళు అటున్నారు తల్లీ!" అని అరిచింది నక్క.

"పిలిచినవాళ్ళు ఇటున్నారు" అని కోయిల పాట ఎత్తుకుంది.

నక్క అరుపుకి మేలుకున్న ఎలుగుబంటి ఒకటి మాను ఎక్కి ఇటు నడిచింది. నక్క అలవాటుకొద్దీ తట్ట చాపింది. ఎలుగుబంటి ఆ తట్టని తొక్కుకుంటూ వచ్చి ఉడుత పక్కన కూర్చుంది.