మజ్జిగలో తెల్లపొడి

"ముందు మీరు తాగండి అత్తయ్యా," అంది ఇంద్రజ, మజ్జిగ గ్లాసు ముట్టుకోకుండా.

ఏడో నెల కడుపుతో ఉండగా ఆమెకు ఒళ్ళంతా అమ్మవారు పోసింది. చిన్నప్పటి నుంచీ ఉన్న ఫిట్స్‌కి మాత్రలు ఒక్కపూట కూడా మానొద్దన్నాడు దోహా డాక్టరు. అమ్మవారు ఇంట్లో ఉండగా మందు ముట్టకూడదని, కాన్పుకని కాకినాడ నుంచి వచ్చిన భానుమతమ్మ ఆ సీసా దాచేసింది. ఇప్పుడేమో వంటింట్లో ఏదో తెల్లపొడి నూరి మజ్జిగలో కలుపుతూ కోడలి కంటపడింది.

"నేను తాగేదైతే నీకెందుకు తెస్తానే?"

"ఏం కలిపారు? ఈ ఫిట్స్ మనిషికి కడుపెందుకని మీ అబ్బాయితో అనలేదూ?"

"భయమేసి అన్నానే తల్లీ. అరవకు!"

పక్క విల్లా చెట్టు నుంచి కోసుకొచ్చి గుమ్మానికి కట్టిన వేపమండల వైపు భానుమతమ్మ బెదురుగా చూసింది. కోడలి చెవి దగ్గరకు వంగింది.

"నీ మాత్రే. మొదటిరోజు నుంచీ మజ్జిగలోనే ఇస్తున్నా. ఆవిడకి తెలిస్తే ఊరుకోదు. కోపమేదో నామీదే చూపించుకోనీ."

ఇంద్రజ గ్లాసెత్తి గడగడా తాగేసింది. అడుగున చేదు నాలుకకు తగిలింది.

మూతి తుడుచుకుని, గుమ్మం దాకా వినపడేలా అంది:

"ఉత్త మజ్జిగ ఇంత కమ్మగా ఉందేమిటత్తయ్యా!"