చెరియాల పటం మేడ ఎక్కిన రోజు

మేముంటున్న విదేశీ పట్టణం నేవన్‌లో ఏటా జరిగే కళాప్రదర్శనలో అమ్మ గీసిన చెరియాల పటాన్ని చేతిపనుల గదిలో, ఊలు టోపీల పక్కన పెట్టారు. అది అవమానమని నాకు తోచింది. నిర్వాహకురాలిని నిలదీశాను.

“తైలవర్ణాలతో ఒక ఆవును గీస్తే కళ, చింతగింజల జిగురు పూసిన గుడ్డ మీద కథంతా గీస్తే చేతిపనా? ఆ తీర్పు ఎవరిది?”

ఆమె నియమావళి చెప్పింది. ఆ నియమాల వెనుకనున్న దొరతనాన్ని నేను పొరపొరగా విప్పి చూపాను. వాదించే ఓపిక నశించి, “గ్రాండ్, సరే, అలాగే కానివ్వండి” అంటూ ఆమె పటాన్ని మేడమీది గ్యాలరీకి మార్పించింది.

తెల్లగోడ మీద ఎర్రని పటం ఒంటరిగా వెలిగింది. అమ్మ కుంచెల సంచి పట్టుకుని మెల్లగా మెట్లెక్కి వచ్చింది.

“అమ్మా, గెలిచాం. వాళ్ల దగ్గర ఒక్క ఆన్సర్ కూడా లేదు.”

“నీతోని ఎవలు గెలుస్తరు బిడ్డా,” అంది అమ్మ అలసటగా.

“నువ్వు హ్యాపీగా లేవా?”

“కింద నాకు కుర్చీ, బల్ల ఇచ్చిన్రు. నేను బొమ్మ గీస్తుంటే టోపీలామె పక్కన కూసొని అల్లేది. ఒకరి మాట ఒకరికి తెల్వది, అయినా నవ్వుకుంటుంటిమి. ఈ దేశమొచ్చినంక నన్ను పిలిచి ఛాయ్ పోసింది ఆమె ఒక్కతే.”

“అయితే మళ్లీ కిందికెళ్లి కూర్చో.”

“నా బల్ల మీద అప్పుడే ఎవరివో సబ్బులు సర్దిన్రు.”

అమ్మ ఆ ఖాళీ గదిని నలువైపులా చూసింది.

“బొమ్మకైతే మంచి జాగ ఇప్పిచ్చినవ్. నేనేడ కూసోవాలె?”